సెల్ నెట్‌వర్క్ మీద లైవ్ వీడియో: బొమ్మ చెదరకుండా పంపడం ఎలా?

ఆఫీసు వైఫై మీద అద్దంలా నడిచిన లైవ్ వీడియో, అదే ఫోన్ పట్టుకుని వీధిలోకి రాగానే తడబడటం మొదలుపెడుతుంది. మొహం సగం గడులు గడులుగా మారుతుంది, కింద ఓ ఆకుపచ్చ మరక సాగుతుంది, కాసేపటికి బొమ్మ బిగుసుకుపోతుంది. ఈ కంప్లయింట్ మొదటిసారి నా దగ్గరికి వచ్చినప్పుడు నేను పెద్దగా ఆలోచించలేదు. ప్యాకెట్లు, అంటే వీడియోని మోసే చిన్న డేటా ముక్కలు, పోతున్నాయి కాబట్టి రక్షణ పెంచితే సరి అనుకుని, 10 శాతం ఉన్న ఎఫ్‌ఈసీని, అంటే పోయినవాటిని తిరిగి కట్టుకోవడానికి ముందే అదనపు ప్యాకెట్లు పంపే ఫార్వర్డ్ ఎర్రర్ కరెక్షన్‌ని, 30 శాతం చేశాను. వీడియో ఇంకా చెడిపోయింది. ఎందుకు చెడిపోయిందో తెలుసుకోవడానికి రెండు రోజులు పట్టింది. మీకు ఆ రెండు రోజులు మిగలాలని ఇది రాస్తున్నా.

మీరు వీడియో కాల్ యాప్ కడుతున్నా, ఫోన్ నుంచి లైవ్ పంపే ఏర్పాటు చేస్తున్నా కింది వరుసలోనే వెళ్లండి. చాలామంది ఆరో మెట్టు దగ్గర మొదలుపెట్టి, మొదటి మూడూ వదిలేస్తారు. నేనూ అదే చేశాను.

1. ముందు గడువు తేల్చుకోండి

కెమెరా ముందు జరిగింది చూసేవాళ్ల తెర మీదకి ఎంత సేపట్లో చేరాలి? మిగతా అన్ని నిర్ణయాలూ ఈ ఒక్క అంకె మీదే ఆధారపడతాయి.

పది, ఇరవై సెకన్లు ఆలస్యమైనా ఫర్వాలేదు అనుకుంటే మీ పని చాలా తేలిక. హెచ్‌ఎల్‌ఎస్ లేదా డాష్ వాడండి. వీడియోని కొన్ని సెకన్ల ముక్కలుగా చేసి పంపే పద్ధతి ఇది, హెచ్‌ఎల్‌ఎస్‌కి ఆపిల్ సూచించే ముక్క 6 సెకన్లు. కింద డేటాని చేరవేసే ప్రోటోకాల్ టీసీపీనో క్విక్‌నో ఉంటుంది, పోయిన ప్యాకెట్‌ని అదే మళ్లీ పంపుతుంది. మీరు చూసుకోవాల్సిందల్లా ప్లేయర్ దగ్గర సరిపడా బఫర్ (ముందే తెచ్చి పెట్టుకునే నిల్వ), బిట్‌రేట్ నిచ్చెనలో, అంటే ఒకే వీడియోని వేర్వేరు బిట్‌రేట్లలో ఉంచే వరుసలో, నిజంగా కిందికి ఉండే ఒక మెట్టు. సిగ్నల్ ఒక్క గీతకి పడిపోయినప్పుడు ఆదుకునేది ఆ కింది మెట్టే. దాని మీద ఎఫ్‌ఈసీ పెట్టాలని చూడకండి, దండగ. మీది ఈ రకమైతే ఇక్కడితో ఆపేయొచ్చు.

ఒకటి నుంచి మూడు సెకన్లు ఉంటే, ఉదాహరణకి మైదానం నుంచి స్టూడియోకి లైవ్ పంపేటప్పుడు, పోయినవి మళ్లీ అడిగి తెచ్చుకోవడం దాదాపు అన్నిసార్లూ సరిపోతుంది. ఎస్‌ఆర్‌టీ ప్రోటోకాల్ పుట్టిందే ఇందుకు. ఒక్క జాగ్రత్త ఏమిటంటే, దాని లేటెన్సీ సెట్టింగ్ డిఫాల్ట్‌గా 120 మిల్లీసెకన్లే ఉంటుంది. సెల్ నెట్‌వర్క్‌కి అది చాలదు. ఆర్‌టీటీ, అంటే ప్యాకెట్ వెళ్లి జవాబు వచ్చే సమయం, ఎంత ఉందో కొలిచి దానికి నాలుగు రెట్లకి తగ్గకుండా పెట్టండి. ఆర్‌టీటీ ఊగుతూ ఉంటే సగటుతో కాదు, ఊగి పైకి వెళ్లినప్పటి అంకెతో లెక్కేయండి.

ఇద్దరు మాట్లాడుకునే వీడియో అయితేనే అసలు కష్టం. అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ ఇచ్చిన జీ.114 సిఫార్సు ప్రకారం ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే సంభాషణకి ఇబ్బంది ఉండదు, 400 దాటనివ్వకూడదు. 400 ని పట్టుకుని లెక్క చూద్దాం. కెమెరా, వీడియోని కుదించే ఎన్‌కోడర్, దాన్ని విప్పే డీకోడర్, తెర కలిపి ఓ 100 తింటాయి. ఆర్‌టీటీ 80 అయితే దారిలో 40 పోతుంది. మిగిలింది 260. రక్షణ పేరుతో మీరు చేసే ప్రతి పనీ ఈ 260 మిల్లీసెకన్లలోనే ముగియాలి. ఈ అంకెని కాగితం మీద రాసి పెట్టుకోండి, ముందుముందు పనికొస్తుంది.

2. పోతున్నదేమిటో కొలవండి

శాతం ఒక్కటే చూస్తే మోసపోతారు. 1 శాతం నష్టం అంటే చిన్నదే అనిపిస్తుంది. వీడియోలో ఆ ఒక్క శాతం ఏం చేస్తుందో చూడండి.

మీ వీడియో సెకనుకి 1.2 మెగాబిట్లు, ఒక్కో ప్యాకెట్ 1200 బైట్లు అనుకుందాం. సెకనుకి 125 ప్యాకెట్లు. సెకనుకి 30 ఫ్రేములైతే మామూలు ఫ్రేము నాలుగు ప్యాకెట్లలో వెళ్లిపోతుంది. కానీ కీఫ్రేము, అంటే వేరే ఏ ఫ్రేము మీదా ఆధారపడకుండా మొత్తం బొమ్మని మోసేది, 30 ప్యాకెట్లు ఉండొచ్చు. నూటికి ఒక ప్యాకెట్ అక్కడక్కడా పోతోందంటే ఆ 30 ప్యాకెట్లూ క్షేమంగా చేరే అవకాశం 74 శాతం. అంటే నాలుగు కీఫ్రేముల్లో ఒకటి దెబ్బతిన్నట్టే. రెండు సెకన్లకో కీఫ్రేము పెట్టారనుకోండి, ఆ రెండు సెకన్లలో వెళ్లే 250 ప్యాకెట్లలో ఒక్కటీ పోకుండా ఉండే అవకాశం 8 శాతమే. ప్రతి ఫ్రేమూ తన ముందు ఫ్రేము మీద ఆనుకుని ఉంటుంది కాబట్టి, మధ్యలో ఒకటి చెడితే ఆ మరక తర్వాతి కీఫ్రేము దాకా సాగుతూనే ఉంటుంది. ఒక శాతం నష్టంతో వీడియో అంతా పాడైనట్టు కనిపించేది ఇందుకే.

రెండో సంగతి, రేడియోలో ప్యాకెట్లు ఒక్కొక్కటిగా పోవు, గుంపుగా పోతాయి. మీరు ఒక గోడ మూలకి వెళ్లారు, బస్సు అడ్డొచ్చింది, అంతే, 40 మిల్లీసెకన్లు గాల్లో కలిసిపోతాయి. అందుకే సగటు నష్టంతో పాటు, వరుసగా ఎన్ని పోతున్నాయో కూడా రాసుకోవాలి. ప్రతి ప్యాకెట్ మీదా ఉండే వరుస సంఖ్యల, అంటే సీక్వెన్స్ నంబర్ల లాగ్ తీసి, ఖాళీలు ఎంత పొడవున్నాయో ఓ చిన్న పట్టిక వేయండి. ఒకటి పోయినవి ఎన్నిసార్లు, రెండు పోయినవి ఎన్నిసార్లు, ఐదు పైన ఎన్నిసార్లు అని. పది నిమిషాల పని, కానీ దీన్ని చేసేవాళ్లు తక్కువ.

మూడోది, ఆలస్యంగా వచ్చిన ప్యాకెట్ రానట్టే. ఇది సెల్ నెట్‌వర్క్‌లో మరీ ముఖ్యం. ఎల్‌టీఈ, 5జీ రేడియోలు తమ కిందే బలమైన కోడ్‌లు వాడతాయి, పోయిన ముక్కని హార్క్ అనే పద్ధతిలో మళ్లీ పంపుకుంటాయి. మొదటి ప్రయత్నంలో పదింట ఒకటి తప్పినా ఫర్వాలేదు అన్నట్టుగానే వేగాన్ని ఎంచుకోవడం అక్కడ మామూలు. ఎల్‌టీఈలో మామూలు ఇంటర్నెట్ డేటా వెళ్లే తరగతికి, సెల్ నెట్‌వర్క్ ప్రమాణాలు రాసే 3జీపీపీ పెట్టిన లక్ష్యం ఏమిటంటే, రద్దీ వల్ల పోయేవి పక్కన పెడితే, పది లక్షల్లో ఒక ప్యాకెట్‌కి మించి పోకూడదు. అదే తరగతికి ఇచ్చిన ఆలస్యం 300 మిల్లీసెకన్లు. ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. రేడియో మీ ప్యాకెట్‌ని పారేయదు, పట్టుకుని కూర్చుంటుంది. మీ గడువేమో 260. కాబట్టి పోయిన ప్యాకెట్లు ఎన్ని అని మాత్రమే కాక, గడువు దాటి వచ్చినవి ఎన్ని అని కూడా లెక్కపెట్టండి. రెండూ కలిపితేనే మీ అసలు నష్టం.

వెబ్‌ఆర్‌టీసీ (బ్రౌజర్లలో, యాప్‌లలో లైవ్ కాల్స్ నడిపే ఏర్పాటు) వాడుతుంటే దాని స్టాట్స్‌లో పోయిన ప్యాకెట్లు, నాక్ లెక్క (రాని ప్యాకెట్‌ని మళ్లీ అడగడం), పీఎల్‌ఐ లెక్క (బొమ్మ పోయిందని చెప్పి కీఫ్రేము అడగడం), ఫ్రీజ్ లెక్క (బొమ్మ బిగుసుకుపోవడం), జిట్టర్ బఫర్ ఆలస్యం (రాకలోని హెచ్చుతగ్గుల్ని, అంటే జిట్టర్‌ని, సర్దడానికి ఆపే సమయం) అన్నీ దొరుకుతాయి. సెకనుకోసారి తీసి ఫైల్లో పడేయండి. చూసేవాళ్లకి తెలిసేది ఫ్రీజ్ ఒక్కటే, కాబట్టి చివరికి మీ మార్కులు దాని మీదే.

3. రద్దీ వల్లా, రేడియో వల్లా?

నేను బోల్తాపడింది ఇక్కడే. ప్యాకెట్లు రెండు కారణాలతో పోతాయి. గాల్లో సిగ్నల్ దెబ్బతిని పోవడం ఒకటి. మీరు పంపేది దారి మోయగలిగినదానికంటే ఎక్కువై, క్యూ నిండి పొర్లిపోవడం రెండోది. మొదటిదానికి రక్షణ మందు. రెండోదానికి అదే రక్షణ విషం. నిండుగా పారుతున్న కాలువలోకి ఇంకో తూము తెరిచినట్టే, ఎఫ్‌ఈసీ ప్యాకెట్లు కూడా అదే దారిలో వెళ్లాలి కదా. నేను 20 శాతం అదనంగా కుమ్మరించాను, క్యూ ఇంకా పొర్లింది, నష్టం పెరిగింది, నేను రాసుకున్న ప్రోగ్రామ్ ఆ నష్టాన్ని చూసి ఎఫ్‌ఈసీని ఇంకా పెంచింది.

తేడా పట్టడం ఎలా? నష్టం కనిపించిన క్షణానికి ముందు ఓ సెకను ఆర్‌టీటీ గ్రాఫ్ చూడండి. 80 నుంచి 120, 200, 350 అంటూ మెట్లెక్కి, ఆపైన ప్యాకెట్లు పోతే అది క్యూ నిండటం. చేయాల్సింది బిట్‌రేట్ తగ్గించడం, వెంటనే, మొహమాటం లేకుండా. ఆర్‌టీటీ చదునుగా ఉండి ఉన్నట్టుండి కొన్ని ప్యాకెట్లు మాయమైతే అది రేడియో. మధ్యలో ఓ తికమక ఉంది. రేడియో బాగా బలహీనపడినప్పుడు దారి వెడల్పే తగ్గిపోతుంది, అప్పుడు రెండు లక్షణాలూ కలిసి కనిపిస్తాయి. అనుమానం ఉంటే బిట్‌రేట్ తగ్గించే వైపే మొగ్గండి. తక్కువ బిట్‌రేట్‌లో చెక్కుచెదరని బొమ్మని జనం ఒప్పుకుంటారు. చిరిగిన హెచ్‌డీ బొమ్మని ఎవరూ ఒప్పుకోరు.

ఇందులోంచి ఒక నియమం పుడుతుంది. రక్షణ బిట్లు వీడియో బడ్జెట్ లోపలివే, పైన పెట్టే కొసరు కాదు. దారి 1.44 మెగాబిట్లు మోస్తుందని మీ రద్దీ నియంత్రణ చెప్తే, 20 శాతం ఎఫ్‌ఈసీ కావాలంటే ఎన్‌కోడర్‌కి 1.2 మాత్రమే ఇవ్వండి, మిగిలిన 0.24 రక్షణకి. ఎన్‌కోడర్‌కి మొత్తం ఇచ్చేసి ఎఫ్‌ఈసీని నెత్తిన పెట్టే కోడ్ నేను చాలాచోట్ల చూశాను, నాది కూడా అందులో ఒకటి.

4. ఎన్‌కోడర్‌ని సర్దండి

రక్షణ గురించి ఆలోచించే ముందు, దెబ్బ తగిలినా తట్టుకునేలా వీడియోని తయారుచేయాలి. పెద్ద కీఫ్రేము ఇక్కడ మొదటి శత్రువు. 30 ప్యాకెట్ల కీఫ్రేము ఒక్కటే మన 1.44 మెగాబిట్ల దారిలో 200 మిల్లీసెకన్లు పడుతుంది. అది వెళ్తున్నంతసేపూ మిగతా అంతా వెనక నిలబడుతుంది. రెండు దారులున్నాయి. కీఫ్రేములు అరుదుగా పెట్టి, అవసరమైతే అడిగించుకోవడం ఒకటి. కీఫ్రేము బదులు ఇంట్రా రిఫ్రెష్ వాడటం రెండోది. ఇందులో తెరని నిలువు పట్టీలుగా చూసి, ఒక్కో ఫ్రేములో ఒక్కో పట్టీని కొత్తగా పంపుతారు, కొన్ని ఫ్రేములు తిరిగేసరికి బొమ్మంతా శుభ్రపడుతుంది. ఎక్స్264 అనే ఎన్‌కోడర్‌లో ఇది ఒక ఆప్షన్ అంతే. బిట్‌రేట్‌లో గుట్టలు రావు, నాకు ఇష్టమైన పద్ధతి. కాకపోతే మధ్యలో చేరిన ప్రేక్షకుడికి మొదటి బొమ్మ పూర్తవడానికి ఆ చుట్టు తిరిగే దాకా ఆగాలి, చాలా ఫోన్లలోని హార్డ్‌వేర్ ఎన్‌కోడర్లు దీన్ని ఇవ్వవు.

బీ-ఫ్రేములు ఆపేయండి. అవి తర్వాత రాబోయే ఫ్రేము కోసం ఆగుతాయి, మీ 260లో అది చిల్లు.

స్లైసుల సంగతి. ఫ్రేముని ప్యాకెట్ సైజు ముక్కలుగా కోసి, ఒక్కోదాన్నీ విడిగా డీకోడ్ అయ్యేలా చేయొచ్చు, ఒక ప్యాకెట్ పోతే ఆ పట్టీ మాత్రమే పోతుంది. పాఠ్యపుస్తకాల్లో దీనికి చాలా పేరుంది. మీ రిసీవర్ సగం వచ్చిన ఫ్రేముని డీకోడర్‌కి ఇస్తేనే ఇది ఉపయోగం. వెబ్‌ఆర్‌టీసీ ఫ్రేము పూర్తయ్యేదాకా ఇవ్వదు, అక్కడ స్లైసులు కోసి లాభం లేదు, కంప్రెషన్ కాస్త తగ్గడం తప్ప. హెచ్.264 వీడియో ప్రమాణం బేస్‌లైన్‌లో ఉన్న ఎఫ్‌ఎమ్‌ఓ (బొమ్మ గడుల్ని స్లైసుల్లోకి చెదరగొట్టి పంచడం), రిడండెంట్ స్లైసుల్లాంటివి చదివి ఆశపడకండి, వాటిని వాడే డీకోడర్ మీ ప్రేక్షకుడి చేతిలో ఉండదు.

టైమ్ లేయర్లు మాత్రం తప్పక పెట్టండి. 30 ఫ్రేముల వీడియోని మూడు పొరలు చేస్తే, అడుగు పొరలో సెకనుకి 7.5 ఫ్రేములు, రెండో పొరలో ఇంకో 7.5, పై పొరలో 15 ఉంటాయి. పై పొర మీద ఇంకేదీ ఆనుకోదు. అంటే సగం ఫ్రేములు పోయినా మరక సాగదు, కదలిక కాస్త గెంతినట్టు ఉంటుంది అంతే. ఈ విభజన ఏడో మెట్టులో అక్కరకొస్తుంది.

5. ముందు మళ్లీ అడగండి

వీలున్నంతవరకూ నాక్ వాడండి. రిసీవర్ 'ఫలానా నంబరు రాలేదు' అంటుంది, పంపేవాడు మళ్లీ పంపుతాడు. దీని పద్ధతి ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణ పత్రం) 4585లో, మళ్లీ పంపే ప్యాకెట్ రూపం 4588లో ఉన్నాయి, రెండూ 2006 నాటివి. దీని అందం ఏమిటంటే పోయినదానికే ఖర్చు. 2 శాతం పోతే దాదాపు 2 శాతమే అదనం.

మన లెక్కలో చూడండి. ఖాళీ కనిపించాక, ప్యాకెట్లు ముందూవెనకా అయ్యాయేమోనని ఓ 20 మిల్లీసెకన్లు ఆగాం. ఆ తర్వాత ఆర్‌టీటీ 80. వంద మిల్లీసెకన్లలో ప్యాకెట్ చేతిలో ఉంటుంది. అదీ పోతే ఇంకో వంద. 260లో రెండు ప్రయత్నాలు దర్జాగా పడతాయి. అక్కడక్కడా 2 శాతం పోయే దారి మీద, అసలుదీ రెండు ప్రయత్నాలూ మూడూ పోయే అవకాశం పది లక్షల్లో ఎనిమిది.

మూడు జాగ్రత్తలు. సిగ్నల్ పూర్తిగా పడి ఉన్నప్పుడు ఒకదాని వెంట ఒకటి నాక్‌లు కొడితే అన్నీ అదే గుంటలో పడతాయి, కాబట్టి రెండో ప్రయత్నానికి కనీసం ఒక ఆర్‌టీటీ ఎడం ఇవ్వండి. గడువు దాటిన ప్యాకెట్‌ని మళ్లీ పంపకండి, పెళ్లయ్యాక వచ్చిన బాజాలాంటిది అది, దారి దండగ. ఇక మీ సర్వర్ మధ్యలో ఉండి పంచుతుంటే, నాక్‌కి జవాబు సర్వరే ఇవ్వాలి. అప్పుడు లెక్కలోకి వచ్చేది ఫోన్‌కీ సర్వర్‌కీ మధ్య ఆర్‌టీటీ మాత్రమే. నిజానికి సర్వర్‌ని ప్రేక్షకుడికి దగ్గరగా పెట్టడం అన్ని ఎఫ్‌ఈసీ కోడ్‌ల కంటే మంచి రక్షణ.

6. గడువు చాలనప్పుడే ఎఫ్‌ఈసీ

ఆర్‌టీటీ 200 దాటిందా, దారికే 100 పైన పోయి మిగిలేది 260 కాదు, 200 లోపే, అందులో ఒక్క నాక్ కూడా పట్టదు. ఒకే వీడియోని వేలమందికి మల్టీకాస్ట్ చేస్తున్నారా, అంటే ఒక్కసారి పంపి అందరికీ చేరేలా వదులుతున్నారా, అడిగేవాళ్లకి జవాబు చెప్పడమే కుదరదు. ఇలాంటి చోట అడగకముందే పంపాలి.

దీని ప్రాణం ఎక్స్‌ఓఆర్. మూడు ప్యాకెట్లు అనుకోండి: 1011, 0110, 1100. నిలువుగా ఒక్కో గడిలో ఒకట్లు బేసి సంఖ్యలో ఉంటే 1, సరి సంఖ్యలో ఉంటే 0 రాస్తే 0001 వస్తుంది. ఇదే నాలుగో ప్యాకెట్, ప్యారిటీ. రెండోది పోయింది. మిగిలిన 1011, 1100, 0001 లకి అదే లెక్క వేయండి: 0110. పోయింది దొరికింది. ఆర్‌ఎఫ్‌సీ 5109 లోని అల్ప్‌ఎఫ్‌ఈసీ, 2019లో వచ్చిన 8627 లోని ఫ్లెక్స్‌ఎఫ్‌ఈసీ ఈ ఎక్స్‌ఓఆర్ మీదే నడుస్తాయి. లోపం ఏమిటంటే గుంపులో ఒక ప్యారిటీ ఒక్క ప్యాకెట్‌నే తిరిగి తెస్తుంది.

ఇంకా బలం కావాలంటే రీడ్-సాలమన్. ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ 1960లో ప్రకటించిన ఈ కోడ్‌ని సీడీలు గీతలు పడ్డా పాడటానికి వాడారు. 10 వీడియో ప్యాకెట్లకి 2 ప్యారిటీ కలిపితే, ఆ 12లో ఏ పది చేరినా మొత్తం తిరిగొస్తుంది. ఏవి పోయాయో సీక్వెన్స్ నంబర్లే చెప్తాయి కాబట్టి రెండు ప్యారిటీలతో రెండు ఖాళీలు పూడతాయి. 2 శాతం చెదురుమదురు నష్టంలో, రక్షణ లేకపోతే పది ప్యాకెట్ల గుంపులు నూటికి 18 దెబ్బతింటాయి. ఈ రెండు ప్యారిటీలు పెడితే వెయ్యికి ఒకటో రెండో. ఖర్చు 20 శాతం. చూడటానికి బంగారం.

ఇప్పుడు గుంపు నష్టం రానివ్వండి. ప్యారిటీతో కలిపి సెకనుకి 150 ప్యాకెట్లు వెళ్తున్నాయి. 40 మిల్లీసెకన్ల దెబ్బకి వరుసగా 6 పోతాయి. 12 ప్యాకెట్ల గుంపు పొడవు 80 మిల్లీసెకన్లు, కాబట్టి ఆ ఆరూ ఒకే గుంపులో పడే అవకాశం బాగా ఉంది. రెండు ప్యారిటీలు ఏం చేయగలవు? ఏమీ లేదు. మీరు కట్టిన 20 శాతం అంతా నీళ్లపాలు.

విరుగుడు, గుంపుల్ని అల్లడం. పేకముక్కలు ముగ్గురికి పంచినట్టు, వరుసగా వెళ్లే ప్యాకెట్లని మూడు గుంపులకి ఒక్కోటి చొప్పున వేయండి. ఇప్పుడు వరుసగా ఆరు పోతే ఒక్కో గుంపుకి రెండే పోయినట్టు, రెండు ప్యారిటీలతో మూడు గుంపులూ పూర్తవుతాయి. ఇందుకు 36 ప్యాకెట్లు వెళ్లేదాకా ఆగాలి, అంటే 240 మిల్లీసెకన్లు. మన 260లో వేలు దూరనంత సందుతో సరిపోయింది. నాలుగు గుంపులు అల్లితే 320, గడువు దాటిపోతుంది. అంతా కలిసొచ్చినా, వరుసగా ఏడోది పోతే ఈ కట్టడం కూలుతుంది. ఈ లెక్క ఒకసారి చేత్తో వేసి చూస్తే, ఎఫ్‌ఈసీ ఎందుకు అన్నిటికీ మందు కాదో అర్థమవుతుంది. ఇదే 260లో రెండు నాక్‌లు పడతాయని గుర్తుందా? వాటికి అయ్యే ఖర్చు 2 శాతం.

కాబట్టి ఆర్‌టీటీని బట్టి మార్చండి. 100 లోపుంటే నాక్ మాత్రమే. 100 నుంచి 200 దాకా నాక్, దానికి తోడు ముఖ్యమైన ఫ్రేములకి కాస్త ఎఫ్‌ఈసీ. ఆపైన ఎఫ్‌ఈసీ ప్రధానం. ఇవి నా అంకెలు, మీ గడువుకి తగ్గట్టు మీవి మీరు పెట్టుకోండి. ఎఫ్‌ఈసీ స్థాయిని పెంచేటప్పుడు చురుగ్గా, తగ్గించేటప్పుడు నింపాదిగా మార్చండి, లేకపోతే సెకనుకోసారి ఎన్‌కోడర్ బిట్‌రేట్ ఊగి, బొమ్మ మసకబారడం, తేరుకోవడం మొదలవుతుంది.

7. అందరికీ సమానంగా పంచకండి

మాట ముందు. ఓపస్ ఆడియో సెకనుకి 32 కిలోబిట్లు ఉంటుంది, వీడియో పక్కన చిల్లర. దాన్ని రెండుసార్లు పంపినా ఎవరికీ బరువు కాదు, ఆర్‌ఎఫ్‌సీ 2198 లోని రెడ్ పద్ధతి సరిగ్గా అదే చేస్తుంది, ప్రతి ప్యాకెట్‌లో ముందటి ముక్క కాపీని కూడా పెడుతుంది. బొమ్మ ఓ సెకను ఆగితే జనం ఓర్చుకుంటారు. మాట తెగితే 'హలో, వినపడుతోందా' మొదలవుతుంది.

తర్వాత కీఫ్రేములు, అడుగు పొర. ఎఫ్‌ఈసీ అంతా వీటికే. రెండో పొరకి నాక్ చాలు. పై పొరకి ఏమీ వద్దు, పోతే పోనీ. మొత్తం వీడియోకి 20 శాతం చల్లడం కంటే, అదే బిట్లని అడుగు పొరకి గట్టిగా పెడితే ఫ్రీజ్‌లు తగ్గుతాయి.

8. దెబ్బ తప్పనప్పుడు తేరుకునే దారి

హ్యాండోవర్‌లో, అంటే ఫోన్ ఒక టవర్ నుంచి ఇంకో టవర్‌కి మారేటప్పుడు, ఒక్కోసారి ఏ కోడూ పూడ్చలేనంత ఖాళీ వస్తుంది. అప్పుడు ముఖ్యం ఎంత తొందరగా లేచామన్నది.

మామూలు దారి పీఎల్‌ఐ, రిసీవర్ 'నా బొమ్మ పోయింది' అంటే పంపేవాడు కీఫ్రేము ఇస్తాడు. అప్పుడే కుదుటపడుతున్న దారి మీద 30 ప్యాకెట్ల గుట్ట పడేయడం గోరుచుట్టు మీద రోకటిపోటే. ఆ కీఫ్రేము కూడా చెడి, మళ్లీ పీఎల్‌ఐ, మళ్లీ కీఫ్రేము. లాగ్‌లో పీఎల్‌ఐ లెక్క సెకనుకి రెండు మూడు చొప్పున పెరుగుతుంటే మీరు ఈ సుడిలో ఉన్నట్టు. బయటపడాలంటే కీఫ్రేముల మధ్య కనీస ఎడం పెట్టండి, ఎంతమంది రిసీవర్లు అడిగినా ఆ ఎడంలో ఒకటే ఇవ్వండి. తేరుకునే కీఫ్రేముని తక్కువ క్వాలిటీలో, పది పన్నెండు ప్యాకెట్లకి మించకుండా పంపండి. అరక్షణం మసకగా ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు.

ఎన్‌కోడర్ మీ చేతిలో ఉంటే లాంగ్ టర్మ్ రిఫరెన్స్ ఇంకా మేలు. రిసీవర్‌కి క్షేమంగా చేరిందని తెలిసిన పాత ఫ్రేము ఒకదాన్ని రెండువైపులా దాచుకుని, దెబ్బ తగిలినప్పుడు దాని ఆధారంగా మామూలు ఫ్రేము పంపడం. కీఫ్రేము బరువు ఉండదు, మరకా సాగదు.

ఆ మధ్యలో తెర మీద ఏం చూపాలి? చివరి మంచి ఫ్రేముని అలాగే నిలపండి. చెడిన ఫ్రేములు చూపించి గడులు, ఆకుపచ్చ మరకలు పరచడం కంటే నిలిచిన బొమ్మ నయం.

ఒకేసారి రెండు సిమ్‌ల మీద పంపగలిగే సెటప్ ఉంటే, ముఖ్యమైన ప్యాకెట్ల కాపీని రెండో దారిలో పంపండి. రెండు నెట్‌వర్క్‌లు ఒకే క్షణంలో పడిపోవడం అరుదు.

9. పరీక్ష

లైనక్స్‌లో టీసీ కమాండ్‌తో నెట్‌ఎమ్ పెట్టి దారిని కావాలని చెడగొట్టొచ్చు. అందరూ అందులో లాస్ 4 శాతం అని పెట్టి, బాగానే ఉందని సంబరపడతారు. అది చెదురుమదురు నష్టం. దాని బదులు జీఈమోడల్ వాడండి, 1960లో గిల్బర్ట్, 1963లో ఇలియట్ వేసిన నమూనా అది. దారికి మంచి స్థితి, చెడు స్థితి అని రెండుంటాయి. మంచి నుంచి చెడుకి 1 శాతం, చెడు నుంచి మంచికి 25 శాతం అని ఇస్తే, సగటున నాలుగేసి ప్యాకెట్లు వరుసగా పోతాయి, మొత్తం నష్టం 3.8 శాతం. సగటు దాదాపు అదే. కానీ మొదటి పరీక్షలో గెలిచిన 10కి 2 ప్యారిటీ ఇక్కడ ఎలా చతికిలపడుతుందో చూడండి.

ఇందులో ఓ ఉచ్చు. నెట్‌ఎమ్‌లో డిలేతో పాటు జిట్టర్ ఇస్తే, ప్రతి ప్యాకెట్‌కీ వేరే ఆలస్యం పడి అవి ముందూవెనకా అయిపోతాయి. మీ రిసీవర్ వాటిని పోయినవనుకుని నాక్‌ల వర్షం కురిపిస్తుంది. ఆ లాగ్ చూసి నాక్ కోడ్‌లో బగ్ ఉందని ఒక సాయంత్రమంతా వెతికాను. సెల్ నెట్‌వర్క్‌లో ప్యాకెట్లు ఆలస్యంగా వచ్చినా మామూలుగా వరుసలోనే వస్తాయి, కాబట్టి జిట్టర్ బదులు దారి వెడల్పుని కాసేపు కుదించి, మళ్లీ పెంచి చూడండి. ఆర్‌టీటీ మెట్లెక్కడం అక్కడ అచ్చంగా కనిపిస్తుంది.

ఆ తర్వాత ఫోన్ పట్టుకుని బయటికి వెళ్లండి. లిఫ్ట్ ఎక్కి దిగండి, బేస్‌మెంట్‌లో కారు పార్క్ చేసే చోటికి వెళ్లి పైకి రండి, కదిలే బండిలో కూర్చోండి. రెండు చివర్లా లాగ్ ఆన్ చేసి, తెరని రికార్డు చేస్తూ ఉండండి. లిఫ్ట్ తలుపు తెరుచుకున్నాక బొమ్మ మళ్లీ కదలడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రికార్డింగ్‌లో చూసి రాసుకోండి. నా మొదటి వెర్షన్‌లో అది పదకొండు. పీఎల్‌ఐల మధ్య ఎడం, చిన్న కీఫ్రేము, ఈ రెండే మార్చాక రెండుకి దిగింది. ఎఫ్‌ఈసీ అప్పటికి 10 శాతం దగ్గరే ఉంది.